తరగతి గదిలో ఓపెన్ సోర్స్ పద్ధతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ బడిలోనో కాలేజీలోనో పాఠం చెప్పేవాళ్ల కోసం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సమూహాలు, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే కలిసి పనిచేయడానికి కొన్ని అలవాట్లు ఏర్పరచుకున్నాయి. సిలబస్, పరీక్షలు, మార్కులు ఉన్న చదువులోకి ఆ అలవాట్లను తెచ్చినప్పుడు ఏవి కుదురుతాయి, ఏవి కుదరవు, పని ఎక్కడ చెడుతుంది అన్నవి ఇక్కడ రాశాం. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఇబ్బంది లేదు.

ఓపెన్ సోర్స్ సూత్రాలు అని దేన్ని అంటున్నారు?

1983లో రిచర్డ్ స్టాల్‌మన్, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు ముందుకొచ్చింది హక్కుల సంగతి. ప్రోగ్రామును వాడుకోవడం, అది లోపల ఎలా నడుస్తుందో చూడడం, మార్చుకోవడం, నలుగురికీ పంచడం ఆ హక్కులు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగాన్ని (కెర్నెల్) నెట్‌లో పెట్టాక పెరిగింది పని పద్ధతి. సగం అయిన పనిని కూడా అందరి ముందూ పెట్టి తప్పులు చూపించమని అడగడం అందులో ముఖ్యం. ఓపెన్ సోర్స్ అన్న పేరు 1998లో వచ్చింది. చదువుకు ఈ రెండూ కావాలి: హక్కు లేకపోతే మార్చడం కుదరదు, పద్ధతి లేకపోతే హక్కు ఉన్నా ఎవరూ మార్చరు.

తరగతి గది భాషలో చెప్పాలంటే పని అందరికీ కనబడేలా జరగాలి. ప్రతి మార్పు పక్కనా ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో ఉండాలి. మార్పును కలిపే ముందు ఇంకొకరు చదవాలి. కొత్తగా వచ్చినవాళ్లు చిన్న పనితో మొదలుపెట్టి పెద్ద బాధ్యతకు ఎదిగే మెట్లు ఉండాలి. నచ్చనివాళ్లు ఆ పనిని తీసుకుని వేరే దారిలో వెళ్లే వీలుండాలి.

మామూలు అసైన్‌మెంటును ఒకే ఒక్క మనిషి చదువుతారు, మార్కు పడ్డాక అది చిత్తు కాగితం. మేం మార్చాలనుకునేది దాన్నే. ఈ ఏడాది విద్యార్థి చేసిన పని వచ్చే ఏడాది విద్యార్థి చేతిలో పనిముట్టు కావాలి. కింది జవాబుల్లో ఏదైనా మీ పరిస్థితికి సరిపడకపోతే, ఈ ఒక్కటి దగ్గర పెట్టుకుని మీ దారి మీరు వెతుక్కోండి.

మేం ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్, పత్రాలు తయారుచేసే లిబ్రెఆఫీస్ వాడుతున్నాం. అది చాలదా?

వాడుతుంటే సంతోషమే, కానీ అది వేరే విషయం. మూడుల్ 2002 నుంచి ఓపెన్ సోర్స్‌గానే ఉంది. అందులో మీ కోర్సు మాత్రం లాగిన్ ఉన్నవాళ్లకే కనబడుతూ, సెమిస్టర్ కాగానే మూతపడుతూ ఉండవచ్చు. అలాగే ఒక్క ఓపెన్ సోర్స్ ప్రోగ్రామూ లేకుండా, కాగితాలతోనే ఈ పద్ధతిని నిక్కచ్చిగా నడపవచ్చు.

నెట్‌లో ఉచితంగా దొరికే పాఠ్యపుస్తకాలకూ దీనికీ తేడా ఏమిటి?

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల పాఠాలను అందరికీ తెరుస్తానని 2001లో ప్రకటించింది. అందరూ వాడుకుని మార్చుకోగల ఇలాంటి పాఠాలకు 2002లో యునెస్కో సమావేశంలో ఓపెన్ విద్యావనరులు అన్న పేరు స్థిరపడింది. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు వాటి మీద ఒక సిఫార్సును ఆమోదించాయి. ఓపెన్‌స్టాక్స్ అనే సంస్థ 2012 నుంచి కాలేజీ పాఠ్యపుస్తకాలను ఇలాగే ఇస్తోంది. ఇవన్నీ గొప్ప పనులే. అయితే చాలాచోట్ల ప్రవాహం ఒకవైపే ఉంటుంది: నిపుణులు రాస్తారు, మిగతావాళ్లు దించుకుంటారు.

ఇక్కడ చెప్పేది రెండువైపులా సాగే ప్రవాహం గురించి. 1998లో సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీగా మొదలై, తర్వాత కార్పెంట్రీస్‌గా ఎదిగిన సమూహం దీనికి మంచి నమూనా. పరిశోధకులకు ప్రోగ్రామింగ్, డేటా పనులు నేర్పే వాళ్ల పాఠాలన్నీ బహిరంగ రిపాజిటరీల్లో, అంటే ఫైళ్లనూ వాటి మార్పుల చరిత్రనూ కలిపి ఉంచే చోట్ల ఉంటాయి. పాఠం చెబుతుండగా ఎక్కడ విద్యార్థులు తడబడ్డారో గమనించినవాళ్లే ఆ చోటును సవరించి పంపుతారు.

కంప్యూటర్ సబ్జెక్టులకే పనికొస్తుందా?

కాదు. జీవశాస్త్రంలో ల్యాబ్ మాన్యువల్, గణితంలో ఒకే లెక్కకు రెండు మూడు పద్ధతులు చూపే లెక్కల నిధి, చరిత్రలో ప్రతి తేదీ పక్కనా ఆధారం ఉన్న కాలరేఖ, భాషా తరగతిలో పదకోశం: ఇవన్నీ చక్కగా నడుస్తాయి. పలుమంది చేతుల్లో మెరుగయ్యేదీ, తప్పో ఒప్పో సరిచూడగలిగేదీ అయితే చాలు. సంగీత సాధన, చేతిరాత, మొదటి తరగతుల ఎక్కాల వంటివి ఎవరికి వాళ్లు పదేపదే చేసి నేర్చుకోవాల్సినవి. వాటిని ఇందులోకి లాగకండి.

మొదటి సెమిస్టర్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ నోట్సుతో. విద్యార్థుల పనిని బయటపెట్టమని అడిగే ముందు మీ పనిని వాళ్ల ముందు పెట్టి, వాళ్లు దిద్దితే ఒప్పుకోవాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా తోటివాళ్ల రివ్యూతో మొదలుపెట్టిన తరగతుల్లో, తమను మాత్రమే బోనులో నిలబెట్టారన్న భావం విద్యార్థుల్లో వస్తుంది.

మొత్తం కోర్సును తీసుకోకండి. ల్యాబ్ మాన్యువలో, లెక్కల నిధో, ఒక్కటి ఎంచుకోండి. దానితోపాటు నాలుగు చిన్న ఫైళ్లు పెట్టండి. ఇది ఏమిటో, ఎవరి కోసమో చెప్పే రీడ్‌మీ ఒకటి. మార్పు ఎలా పంపాలో చెప్పేది రెండోది, ఇది ఒక పేజీ దాటకూడదు. మూడోది లైసెన్సు. నాలుగోది చేయాల్సిన పనుల జాబితా. ఇవి లేకుండా మొదలుపెడితే ప్రతి విద్యార్థీ అవే ప్రశ్నలతో మీ దగ్గరికే వస్తారు.

పదహారు వారాల సెమిస్టర్ అనుకుందాం. మొదటి రెండు వారాల్లో ప్రతి ఒక్కరూ ఒకే ఒక చిన్న సవరణ పంపాలి: ఒక అచ్చుతప్పు, అర్థం కాని ఒక వాక్యం, తెగిపోయిన ఒక లింకు. ఇక్కడ సవరణ విలువ చూడకూడదు, దారి అలవాటు కావడమే లక్ష్యం. అరవై మందికి అరవై తప్పులు దొరకవు కాబట్టి, ప్రతి విభాగానికీ ఒక కొత్త ఉదాహరణ చేర్చడం వంటి, ఎంతమందికైనా సరిపోయే పనులు ముందే జాబితాలో ఉంచండి. కావాలని తప్పులు నాటవద్దు. అది బయటపడిన రోజున, నిజమైన తప్పు కనబడినా విద్యార్థి ఆటే అనుకుంటాడు. మొదటి సవరణకు 48 గంటల్లోపు జవాబు వెళ్లాలి. ఆలస్యమైతే చాలామంది రెండోది పంపరు.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా ప్రతి విద్యార్థీ ఒక పేజీ రాయాలి లేదా ఒక లెక్క సాధించి పెట్టాలి, దాన్ని ఇద్దరు చదవాలి. ఏడో వారం నుంచి ఒక్కో అధ్యాయాన్ని ముగ్గురు నలుగురికి అప్పగించండి. వచ్చిన మార్పును చేర్చడమో తిప్పి పంపడమో ఇక వాళ్లే చేస్తారు, మీరు వారానికోసారి పైనుంచి చూస్తారు. పద్నాలుగో వారం చివర తలుపు మూసేయండి. ఆ తర్వాత తప్పులు దిద్దడం తప్ప కొత్తది చేర్చకూడదు. చివరి రోజున దానికి ఒక వెర్షన్ సంఖ్య వేసి, ఏం మారిందో రాసి, పనిచేసినవాళ్ల పేర్లతో విడుదల చేయండి.

ఈ తలుపు మూయడం చాదస్తంగా అనిపించవచ్చు. లినక్స్ కెర్నెల్ కొత్త వెర్షన్ దాదాపు తొమ్మిది పది వారాలకోసారి వస్తుంది. అందులో కొత్త మార్పులు తీసుకునేది మొదటి రెండు వారాలే, మిగతాదంతా సరిచూసి దిద్దే సమయం. ఈ గడువు లేకపోతే సెమిస్టర్ చివరి రాత్రి తరగతి సగం పని వచ్చి మీద పడుతుంది. అందులో ఒక్కటీ ఎవరూ చదివి ఉండరు.

గిట్ నేర్పడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు. గిట్ అంటే ఫైళ్లలో జరిగిన ప్రతి మార్పునూ చరిత్రగా దాచే ప్రోగ్రాము. ముప్పై మంది లోపు తరగతికి వికీ సరిపోతుంది. సూచనల పద్ధతిలో మార్పులు చూపించే షేర్డ్ డాక్యుమెంటైనా సరిపోతుంది. పని ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు వెళ్లాల్సి వచ్చినప్పుడు, అధ్యాయాలు ఎక్కువైనప్పుడు గిట్ విలువ తెలుస్తుంది. 2005లో టోర్వాల్డ్స్ లినక్స్ కోసం దాన్ని రాసింది కూడా ఇలాంటి అవసరం కోసమే.

ప్రోగ్రామింగ్ చదవనివాళ్లకు కమాండ్లు అక్కర్లేదు. గిట్ ఫైళ్లను వెబ్‌లో ఉంచే గిట్‌హబ్‌లోనో, సంస్థ సొంత సర్వరులో నడిపే అలాంటి గిట్‌ల్యాబ్, ఫోర్జెజోల్లోనో బ్రౌజరులోనే ఫైలు తెరిచి, మార్చి, కారణం రాసి, పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలపమనే వినతి) పంపడం రెండు పీరియడ్లలో చేయించవచ్చు. అందరినీ ఇబ్బందిపెట్టేది కాన్‌ఫ్లిక్ట్, అంటే ఇద్దరు ఒకే వరుసను మార్చడం. అధ్యాయమంతా ఒకే ఫైలులో పెట్టకుండా విభాగానికో ఫైలు చేస్తే అది చాలావరకు రాదు.

పాఠాల ఫైళ్లు ఏ రూపంలో ఉండాలి?

శీర్షికలు, జాబితాలను మామూలు గుర్తులతో చూపే మార్క్‌డౌన్ వంటి సాదా టెక్స్ట్. వర్డ్ ఫైలు నిజానికి జిప్ చేసిన మూట. లోపల ఏ వాక్యం మారిందో గిట్ చూపించలేదు, ఇద్దరి మార్పులను కలపలేదు. సాదా టెక్స్టులో ఒక వాక్యానికి ఒక వరుస చొప్పున రాయండి. పేరా అంతా ఒకే వరుసగా ఉంటే ఒక్క అక్షరం దిద్దినా పేరా మొత్తం మారినట్టు కనబడుతుంది, రివ్యూ చేసేవాళ్లు విసుగెత్తి చదవకుండానే సరే అనేస్తారు. అచ్చుకు కావాలంటే పాన్‌డాక్ అనే మార్పిడి ప్రోగ్రాముతో పీడీఎఫ్, ఈపబ్, వర్డ్ రూపాలన్నీ తీయవచ్చు. భారతీయ భాషల్లో పీడీఎఫ్ తీసేటప్పుడు అందులో జెలాటెక్ లేదా లువాలాటెక్ అనే పీడీఎఫ్ ఇంజిన్ ఎంచుకోండి. పాత పీడీఎఫ్‌లాటెక్‌తో ఒత్తులు, గుణింతాలు సరిగా రావు.

బొమ్మల విషయంలో ఇంకో జాగ్రత్త. గ్రాఫును చిత్రంగా మాత్రమే పెడితే వచ్చే ఏడాది ఒక అంకె మార్చాలన్నా మొత్తం మళ్లీ గీయాలి. దాని వెనకున్న స్ప్రెడ్‌షీటును, రేఖాచిత్రమైతే మళ్లీ దిద్దగల ఎస్‌వీజీ ఫైలును పక్కనే ఉంచండి. సోర్స్ అంటే మళ్లీ మార్చడానికి వీలైన రూపం. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఎంత ఉచితంగా పంచినా అందులో సోర్స్ లేదు.

ఏ లైసెన్సు పెట్టాలి?

లైసెన్సు లేకుండా పెట్టడం అన్నింటికంటే ఎక్కువగా జరిగే తప్పు. నెట్‌లో పెట్టినంత మాత్రాన ఇతరులకు మార్చుకునే హక్కు రాదు. ఏమీ రాయకపోతే హక్కులన్నీ రాసినవాళ్ల దగ్గరే ఉన్నట్టు లెక్క.

పాఠాలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు సరిపోతాయి, అవి 2002 నుంచి ఉన్నాయి. మా సలహా సీసీ బై: పేరు చెప్పి ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. మార్చినవాళ్లు కూడా అదే లైసెన్సుతో పంచాలనుకుంటే సీసీ బై ఎస్ఏ పెట్టండి. వికీపీడియా వచనం సీసీ బై ఎస్ఏ 4.0 కింద ఉంది కాబట్టి అక్కణ్నుంచి పేరాలు తెచ్చుకుంటే మీ పాఠానికీ అదే పెట్టాలి.

ఎన్‌డీ ఉన్న లైసెన్సు వద్దు, మార్చిన రూపాన్ని పంచుకోవడాన్ని అది ఆపేస్తుంది. అనువాదం కూడా మార్చడం కిందికే వస్తుంది. వ్యాపారానికి వాడరాదనే ఎన్‌సీని చాలామంది మంచి ఉద్దేశంతో పెడతారు, తర్వాత చిక్కు పడుతుంది. ఫీజు తీసుకునే సంస్థ వాడవచ్చా, ముద్రించి ఖర్చు రాబట్టుకోవచ్చా అన్న సందేహాలతో వాడాల్సినవాళ్లు వెనక్కి తగ్గుతారు. పైగా ఎన్‌సీ ఎస్ఏ పాఠాన్నీ వికీపీడియా వచనాన్నీ కలిపి ఒకే పాఠంగా పంచలేరు, రెండు లైసెన్సుల షరతులూ ఒకేసారి తీరవు.

ప్రోగ్రాముల కోడుకు సీసీ లైసెన్సు పెట్టవద్దని క్రియేటివ్ కామన్స్ సంస్థే చెబుతుంది. దానికి ఎంఐటీ, అపాచీ 2.0, జీపీఎల్ వంటి లైసెన్సులు ఉన్నాయి. ఇతరుల పని తీసుకున్నప్పుడు నాలుగు వివరాలు రాయించండి: పేరు, రాసినవారు, ఎక్కడిది, ఏ లైసెన్సు. మార్చి ఉంటే ఆ మాట కూడా చేర్చాలి.

విద్యార్థుల పనిని బహిరంగంగా పెట్టవచ్చా?

వాళ్లు ఒప్పుకుంటేనే. సాధారణంగా రాసిన విద్యార్థిదే కాపీరైటు. సంస్థ నియమాల్లో వేరే మాట ఉందేమో ముందు చూసుకోండి. అనుమతి రాతపూర్వకంగా, మార్కులు వచ్చిన తర్వాత అడగండి. ముందే అడిగితే కాదనడానికి జంకుతారు. అసలు పేరుతో ప్రచురించడం, మారుపేరుతో ప్రచురించడం, అసలు ప్రచురించకపోవడం: ఈ మూడూ సమానంగా కనబడేలా కాగితం తయారుచేయండి. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం కూడా కావాలి. గిట్‌హబ్ ఖాతాకు కనీసం 13 ఏళ్లు నిండాలి. సీసీ లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేమని కూడా ముందే చెప్పాలి.

గిట్‌లో దాగిన ప్రమాదం ఒకటుంది. ప్రతి కమిట్‌లోనూ, అంటే నమోదు చేసిన ప్రతి మార్పులోనూ రాసినవాళ్ల పేరు, ఈమెయిల్ నమోదవుతాయి. తర్వాత ఫైలు తీసేసినా పాత చరిత్రలో అవి ఉంటాయి, అప్పటికే ఎవరైనా కాపీ తీసుకుంటే అక్కడా ఉంటాయి. అందుకే మొదటి కమిట్‌కు ముందే, గిట్‌హబ్ వంటి చోట్ల ఇచ్చే, అసలు చిరునామాను దాచే నోరిప్లై ఈమెయిలును అందరిచేతా పెట్టించండి. మార్కులు, హాజరు, రోల్ నంబర్లు ఎట్టి పరిస్థితిలోనూ బహిరంగ రిపాజిటరీలోకి రాకూడదు. సెమిస్టర్ అంతా పనిని తరగతి లోపలే ఉంచి, అనుమతి వచ్చిన భాగాలను కొత్త రిపాజిటరీలోకి చరిత్ర లేకుండా తీసుకెళ్లడం సురక్షితం. పనిచేసినవాళ్ల పేర్లను ఒక ఫైలులో విడిగా రాస్తే సరిపోతుంది.

తోటి విద్యార్థుల రివ్యూ చేయిస్తే "బాగుంది" అని రాసి వదిలేస్తున్నారు. ఏం చేయాలి?

రివ్యూ చేయడం ఎవరికీ పుట్టుకతో రాదు. మీరు నేర్పకుండా అప్పగిస్తే "బాగుంది" దగ్గరే ఆగుతుంది. మీరు రాసిన ఒక పేజీని తెరమీద పెట్టి, తరగతి ముందే మీరే దాన్ని రివ్యూ చేసి చూపించండి. ఒక పీరియడ్ మొత్తం దీనికే కేటాయించినా దండగ కాదు.

తర్వాత అడిగే ప్రశ్నలు మార్చండి. బాగుందా అని అడగవద్దు. మూడే అడగండి. దీన్ని చేసి చూశావా, నీకు ఏం వచ్చింది? చదువుతూ ఏ వాక్యం దగ్గర ఆగిపోయావు? ఒక చోట నువ్వైతే ఎలా రాస్తావు, ఆ వాక్యం రాసి చూపించు. మొదటి ప్రశ్నకు లెక్క చేయకుండా, ప్రయోగం మెట్లు పాటించకుండా జవాబు రాయడం కుదరదు, అందుకే అది ముందు ఉండాలి.

ఒక్కసారికి ఒక పేజీ మించి ఇవ్వకండి. ఐదు పేజీలు ఇస్తే మొదటి పేజీలో అక్షరదోషాలు చూపి మిగతావి వదిలేస్తారు. ప్రతి వ్యాఖ్య ముందూ తప్పనిసరి, సూచన, సందేహం అన్న మూడింటిలో ఒక ముద్ర వేయించండి. రాసినవాళ్లకు దేనికి తప్పక జవాబివ్వాలో దాంతో తెలుస్తుంది, చిన్న సూచన పెద్ద గొడవ కాదు. వ్యాఖ్య ఎప్పుడూ పని మీదే ఉండాలి: "ఈ మెట్టులో ఉష్ణోగ్రత లేదు" అనాలి, "నువ్వు ఉష్ణోగ్రత మర్చిపోయావు" అనకూడదు. చిన్న తేడాలా ఉంటుంది గానీ, ఎదురుగా కూర్చున్నవాళ్ల మధ్య ఈ తేడాయే తరగతిని నిలబెడుతుంది.

ఇద్దరు రివ్యూ చేసేవాళ్లను మీరే వేయండి, ప్రతి విడతకూ మార్చండి. స్నేహితులను ఎంచుకోనిస్తే ఒకరికొకరు సరే చెప్పుకుంటారు. గడువు మూడు రోజులు. ఆలోగా చదవకపోతే ఆ పేజీ మీ వరుసలోకి వస్తుంది, రాసినవాళ్లు మాత్రం నష్టపోకూడదు.

మార్కులు ఎలా వేయాలి?

కమిట్లు లెక్కపెట్టవద్దు. వరుసల సంఖ్యా వద్దు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. పనికిరాని మార్పులు వరదలా వచ్చి ప్రాజెక్టులు నడిపేవాళ్లు తలలు పట్టుకున్నారు. చివరికి నిర్వాహకులు ఆ నెలలోనే నియమం మార్చి, తామై ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేయాల్సి వచ్చింది. టీషర్టుకే అలా జరిగితే మార్కులకు ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఒక వాక్యాన్ని ఐదు కమిట్లుగా విడగొట్టడం ఏ విద్యార్థికైనా నిమిషాల పని.

మేం సూచించేది ఇది. ప్రతి విద్యార్థీ తన మూడు మార్పులను, ఇతరుల పనిపై తను చేసిన రెండు రివ్యూలను ఎంచుకుని, అవి ఎందుకు ముఖ్యమో అర పేజీ రాసి ఇవ్వాలి. మీరు చరిత్ర తెరిచి సరిచూస్తారు. నూటికి మార్పుల నాణ్యతకు 40, రివ్యూలకు 30, తన పనిపై వచ్చిన వ్యాఖ్యలకు స్పందించిన తీరుకు 20, ఐదు నిమిషాల మౌఖికానికి 10 వేయవచ్చు. మౌఖికంలో ఒక మార్పు తెరిచి "ఇది ఎందుకు ఇలా చేశావు" అని అడగడమే. స్వయంగా చేయనివాళ్లు రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

తిప్పి పంపిన మార్పుకూ మార్కులు ఉండాలి. కారణం సరిగ్గా చెప్పి ప్రయత్నించిన మార్పు చేరకపోయినా నేర్చుకోవడం జరిగింది. చేరినవాటికే మార్కులంటే అందరూ అచ్చుతప్పుల దగ్గరే ఉండిపోతారు.

అంతా తెరిచిపెడితే కాపీ కొట్టరా?

ఓపెన్ సోర్స్‌లో ఇతరుల పని తీసుకోవడం మంచిపనే, చెప్పకుండా తీసుకోవడం తప్పు. లినక్స్‌లో 2004 నుంచి ప్రతి ప్యాచ్ (పంపే మార్పు) చివరా పంపినవాళ్లు తమ పేరుతో, దీన్ని పంపే హక్కు నాకుంది అని ధ్రువీకరించే వరుస పెడతారు. తరగతిలో కూడా అలాంటి వరుస పెట్టించండి: ఏది నాది, ఏది ఎక్కడినుంచి తెచ్చాను, ఎవరు సాయపడ్డారు. ఏఐ పరికరం వాడితే దేనికి వాడారో కూడా. చెప్పినంతవరకు శిక్ష ఉండకూడదు, చెప్పింది మౌఖికంలో వివరించగలగాలి.

ఏ పని ఉమ్మడిది, ఏది ఒంటరిగా చేయాల్సింది అన్నది ప్రతి అసైన్‌మెంటు పైనా ఒక వరుసలో రాయండి. ఈ వరుస లేకపోవడం వల్లే సగం గొడవలు వస్తాయి.

ఒక బ్యాచ్ జవాబులన్నీ పెట్టేశాక తర్వాతి బ్యాచ్ ఏం చేస్తుంది?

పని రకం మారుతుంది. మొదటి బ్యాచ్ తయారుచేస్తుంది. రెండో బ్యాచ్ ఆ జవాబు ఎక్కడ తప్పుతుందో వెతుకుతుంది, ఇంకో పద్ధతి చేరుస్తుంది, మరో భాషలోకి తెస్తుంది, ప్రయోగాన్ని వేరే పరికరంతో చేసి ఫలితం పోల్చుతుంది. పాతబడిన పేజీలను తొలగించడం కూడా నిజమైన పనే. నాలుగైదు ఏళ్లకు చేర్చేదానికంటే తీసేయాల్సిందే ఎక్కువ ఉంటుంది. వెర్షన్ సంఖ్యలు దీనికి ఉపయోగపడతాయి: పాఠం క్రమమే మారితే 2.0, కొత్త విభాగం చేరితే 1.1, తప్పులే దిద్దితే 1.1.1. బోధించేవాళ్లు సంఖ్య చూసి తమ ప్రణాళిక మార్చుకోవాలో లేదో తెలుసుకుంటారు.

విద్యార్థులను అసలు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పంపవచ్చా?

పంపవచ్చు, చాలా జాగ్రత్తగా. ఆ ప్రాజెక్టులను చూసుకునేవాళ్లలో ఎక్కువమంది తమ ఖాళీ సమయంలో పనిచేస్తారు. గడువు వారంలో అరవై మంది ఒకేసారి మార్పులు పంపితే అది వాళ్లకు భారం. 2021లో ఒక విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగం పేరుతో లోపమున్న ప్యాచ్‌లను తెలిసే పంపారని బయటపడినప్పుడు, లినక్స్ కెర్నెల్ నిర్వాహకులు ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మార్పులనే నిలిపివేశారు. నమ్మకం పోతే శిక్ష తర్వాతి బ్యాచ్‌లకూ పడుతుంది.

సెమిస్టర్ ముందే నిర్వాహకులకు రాసి అడగండి. గత నెల రోజుల్లో పని కదిలిందా, కొత్తవాళ్లకు మర్యాదగా జవాబులు వెళ్లాయా, మొదటిసారి వచ్చేవాళ్లకని గుర్తుపెట్టిన పనులు ఉన్నాయా చూడండి. ముందు మీరు స్వయంగా ఒక మార్పు పంపి ఆ దారిలో నడవండి. విద్యార్థుల మార్పులు తరగతి లోపల ఒకసారి రివ్యూ అయ్యాకే బయటికి వెళ్లాలి. బగ్‌ను మళ్లీ రప్పించి వివరంగా రాయడం, డాక్యుమెంటేషన్, అనువాదం, ప్రోగ్రాము సరిగా నడుస్తుందో చూసే టెస్టులు రాయడం మొదటి పనులుగా బాగుంటాయి. మార్పు చేరిందా లేదా అన్నదాని మీద మార్కు ఆధారపడకూడదు, అది మీ చేతిలో లేదు, వారాలు పట్టవచ్చు. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనికి కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ దారి చూపే ఒక మనిషిని తోడిస్తుందంటే, ఈ పనికి ఎంత తోడు కావాలో అర్థం చేసుకోవచ్చు.

తరగతిలో నిర్ణయాలు ఓటింగుతో తీసుకోవాలా?

ఓపెన్ సోర్స్‌లో అన్నింటికీ ఓట్లు ఉంటాయనుకోవడం పొరపాటు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష విషయంలో 2018 దాకా దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్‌దే చివరి మాట. ఆయన తప్పుకున్నాక 2019 నుంచి ఎన్నికైన ఐదుగురి మండలి చూస్తోంది. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టుకు 1998 నుంచి రాజ్యాంగం ఉంది, నాయకుణ్ని ఏటా ఎన్నుకుంటారు. అపాచీ సంస్థ ప్రాజెక్టుల్లో ఒక ప్రతిపాదన పెట్టి, సాధారణంగా 72 గంటల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ముందుకెళతారు. కోడు మార్పును ఒకరు అడ్డుకోవచ్చు గానీ సాంకేతిక కారణం చూపాలి, ఊరికే వద్దంటే చెల్లదు.

తరగతికి ఈ చివరి పద్ధతి బాగా అతుకుతుంది. ముందుగా మీ చేతిలోనే ఉండేవి ఏవో తేల్చి చెప్పండి: తుది మార్కులు, పరీక్షల గోప్యత, ల్యాబ్ భద్రత, సిలబస్ తప్పనిసరి చేసిన అంశాలు. అంశాల వరుస, గడువు తేదీలు, ప్రాజెక్టు విషయం, రివ్యూ ప్రశ్నలు వంటివి తెరవవచ్చు. మార్చాలనుకున్నవాళ్లు ఒక పేజీ రాయాలి: ఇబ్బంది ఏమిటి, ఏం చేద్దాం, వేరే ఏం ఆలోచించి వదిలేశాం, దీనివల్ల ఎవరికి కష్టం. మూడు పనిరోజులు ఆగండి. నిర్ణయం ఏదైనా కారణం రాసి పెట్టండి. ముందే తేల్చేసుకుని ఓటు పెట్టడం మాత్రం వద్దు. అలాంటి ఓటు ఒక్కసారి చూశాక విద్యార్థులు మళ్లీ నోరు విప్పరు.

గట్టిగా మాట్లాడేవాళ్లే ముందుంటారు, మిగతావాళ్లు వెనకే ఉండిపోతారు కదా?

ఉంటారు. ఓపెన్ సోర్స్ సమూహాల్లోనూ ఈ జబ్బు ఉంది, 2014లో వచ్చిన కంట్రిబ్యూటర్ కవెనెంట్ వంటి ప్రవర్తనా నియమావళులు అందుకే పుట్టాయి. నియమావళి గోడకు అంటిస్తే సరిపోదు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో అందులో ఉండాలి. ఆ మనిషి మార్కులు వేసేవాళ్లు కాకూడదు. అధ్యాయం బాధ్యతలు నాలుగు వారాలకోసారి చేతులు మారాలి. మొదటి చిత్తుప్రతిని ఒక్కరికే చూపించే వీలు ఇవ్వండి, తెరిచి పనిచేయడం అంటే మొదటి అక్షరం నుంచీ అందరి ముందూ రాయాలని కాదు.

ఇంటర్నెట్ సరిగా లేని చోట?

గిట్ ఆఫ్‌లైన్‌లోనే పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ మీద గిట్ బండిల్ రూపంలో మొత్తం చరిత్రను ఒక ఫైలుగా తీసుకెళ్లవచ్చు. కంప్యూటర్లే లేకపోతే, పేజీ నంబర్లున్న ఒక ఫైలు బైండర్, మార్పు చీటీలు చాలు. చీటీలో తేదీ, పేరు, పేజీ, పాత వాక్యం, కొత్త వాక్యం, కారణం, చదివినవాళ్ల సంతకం ఉండాలి. కారణం గడి ఖాళీగా ఉంటే చీటీ తీసుకోకండి.

టీచరుకు పని పెరగదా?

మొదటి ఏడాది పెరుగుతుంది. అరవై మంది తలా మూడు మార్పులు పంపితే 180. ఒక్కోటి ఐదు నిమిషాలు చూస్తే 15 గంటలు. ఇద్దరు విద్యార్థులు ముందే చదివి ఉంటే మీకు రెండు నిమిషాలు చాలు, అప్పుడు ఆరు గంటలు. ఈ తేడా రావాలంటే రివ్యూ నేర్పడంలో ముందు సమయం పెట్టాలి. వచ్చిన వాటిని రోజంతా చూడకుండా వారంలో రెండు నిర్ణీత సమయాల్లో చూడండి, ఆ సమయాలు విద్యార్థులకు తెలియనివ్వండి.

సిలబస్ పైనుంచి వస్తుంది. మా చేతిలో ఏముంది?

నోట్సు, ల్యాబ్ మాన్యువల్, అభ్యాస ప్రశ్నలు, ఇంటర్నల్ మార్కులు. ఇంటర్నల్స్‌లో పదో ఇరవయ్యో శాతంతో మొదలుపెట్టండి.

మొదలుపెట్టిన టీచర్ వెళ్లిపోతే ఆగిపోతుందా?

ఖాతా ఆ ఒక్కరి పేరు మీద ఉంటే ఆగిపోతుంది. రిపాజిటరీ సంస్థ ఖాతాలో ఉండాలి, పూర్తి అధికారం కనీసం ఇద్దరికి ఉండాలి. పాత బ్యాచ్ నుంచి ఇద్దరు ముగ్గురిని కొత్త బ్యాచ్‌కు సీనియర్లుగా ఉంచుకోండి, దారి తెలిసినవాళ్లు వాళ్లే. ప్రతి విడుదలనూ సెర్న్ పరిశోధన సంస్థ నడిపే జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో భద్రపరిస్తే దానికి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది, రిపాజిటరీ పోయినా ఆ ప్రతి దొరుకుతుంది. విద్యార్థులు తమ బయోడేటాలో ఆ సంఖ్య రాసుకోవచ్చు కూడా.

ఎప్పుడు ఈ పద్ధతి వద్దు?

పరీక్ష ఆరు వారాల్లో ఉంటే వద్దు. సొంత జీవితానుభవాలు రాయించే తరగతిలో వద్దు. తరగతి ముందు తప్పు ఒప్పుకునే పరిస్థితి మీకు లేకపోతే కూడా ఆగండి. సంస్థ వాతావరణం వల్ల కొందరికి అది నిజంగానే కుదరదు.

ఓపెన్ సోర్స్‌లోకి మనుషులు తమ ఇష్టంతో వస్తారు, నచ్చకపోతే వెళ్లిపోతారు. విద్యార్థికి వెళ్లిపోయే వీలు లేదు. అందుకని ఈ పని ఇష్టపడనివాళ్లకు, అంతే మార్కులున్న, టీచర్ ఒక్కరే చదివే మామూలు అసైన్‌మెంటు దారి ఎప్పుడూ తెరిచి ఉంచండి. ఎందుకు ఆ దారి ఎంచుకున్నావని అడగవద్దు. ఏ అంశం దగ్గర ఎంతమంది అటు వెళ్లారో మాత్రం రాసి పెట్టుకోండి. సగం మంది వెళ్లారంటే మార్చాల్సింది ఆ పనినే.